కోళ్లను అడిగిన రోజు

కోటబొమ్మాళిలో నా చిన్నప్పుడు మేమున్న ఇంటికి వెనక పెద్ద పెరడు ఉండేది. అక్కడ మా అమ్మ నాటుకోళ్లు పెంచేది. పొద్దున్నే గంప ఎత్తితే అవి వీధంతా తిరిగి, చీకటిపడే వేళకు వాటంతటవే ఇంటికి చేరేవి. ఒక ఏడు తొలకరిలో పక్కింటివాళ్లు వేసుకున్న బీరపాదులను, ఆనప పాదులను మా కోళ్లు గీరి పారేశాయి. పక్కింటి మావ మంచివాడు, గొడవేమీ పెట్టుకోలేదు. కానీ మా తాతయ్యకు అది నామోషీ అనిపించింది. ఆ వారంలోనే వెదురు చీల్పించి, పెరట్లో ఒక మూల చుట్టూ దడి కట్టించి, కోళ్లన్నిటినీ అందులో పెట్టించారు.

మా తాతయ్య మిషన్ బడిలో పంతులుగా పనిచేసి రిటైరైన మనిషి. ఊళ్లో అందరూ మాస్టారనే పిలిచేవారు. ఏ సంగతైనా నోటితో చెప్పి ఊరుకోవడం ఆయనకు తృప్తిగా ఉండేది కాదు, చేసి చూపించాలి. గ్రహణం గురించి నేను అడిగితే లాంతరూ, నారింజకాయా, గోలీకాయా పట్టుకుని వంటింట్లో నా చుట్టూ తిరిగిన మనిషి ఆయన. ఆయన మనవరాలినని చెప్పుకోవడం నాకు గొప్పగా ఉండేది.

దడి కట్టిన కొద్దిరోజులకే కొత్త తంటా మొదలైంది. వీధిలో తిరిగినన్నాళ్లూ కోళ్ల కాళ్ల కింద ఏముందో ఎవరూ చూడలేదు. ఇప్పుడు ఆ చిన్న జాగాలో ఉన్న గడ్డినంతా అవి తినేసి, వేళ్లతో సహా గీరేశాయి. దానిమీద వానలు పడ్డాయి. రెట్టా మట్టీ కలిసిపోయి చీలమండల దాకా బురద. వంటింట్లో అన్నం తింటుంటే వాసన వచ్చేది. ఒక పెట్ట కాలికి పుండు పడి కుంటడం మొదలుపెట్టింది. కోడిపిల్లలు వరసగా చచ్చిపోతుంటే అమ్మ వాటిని చేటలో పెట్టుకుని తీసుకెళ్లేది. ఆ నేల మీద ఏదో ఒకటి వెయ్యకపోతే ఒక్కటీ మిగలదని అందరికీ అర్థమైంది. ఏం వెయ్యాలన్న దగ్గరే మాట కలవలేదు.

ఇక్కడ మా పెద్దత్త గురించి చెప్పాలి. మా నాన్నకు అక్క, తాతయ్యకు పెద్ద కూతురు. చిన్న వయసులోనే భర్త పోతే, దూరాన ఉన్న మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేరి, ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయింది. వార్డులు తుడిచి తుడిచి మోకాళ్లు అరిగిపోయాక, ఇక పని చెయ్యలేదని తెలిసి, ఆ వేసవిలోనే తాతయ్య వెళ్లి ఇంటికి తీసుకొచ్చారు. ఆమె రాకముందే ఇంటి వెనక వసారాకు సిమెంటు చేయించారు. మిగతా ఇల్లంతా అమ్మ పేడతో అలికే మట్టి నేలే. మా ఇంట్లో మొట్టమొదటి సిమెంటు నేల పెద్దత్త కోసమే పడింది. నుయ్యి దగ్గరే, మరుగుదొడ్డీ దగ్గరే, ఎవరూ అడ్డం రారు, నున్నగా ఉంటుంది, కాళ్ల నొప్పులున్న మనిషికి ఇంతకంటే ఏం కావాలని ఇంట్లో అందరం అనుకున్నాం. ఆమె వచ్చిన రోజు తాతయ్య ఆ నేల మీద అరచేత్తో రాసి చూపించి, ఇది నీదమ్మా అన్నారు. పెద్దత్త చాలా బాగుందని తల ఊపింది. ఆ రాత్రి నుంచి వసారాలోనే చాప వేసుకుని పడుకునేది. ఇంట్లో మంచం తాతయ్యది ఒక్కటే ఉండేది.

ఆ పని చేయించగా సగం బస్తా సిమెంటు మిగిలింది. కోళ్ల దగ్గర అది పోసేద్దామని నాన్న అన్నాడు. రోజూ నీళ్లు కొట్టి కడిగేసుకోవచ్చు, వాసనుండదు. అమ్మకు ఇసక మేలనిపించింది, వాన పడినా నీళ్లు కిందికి దిగిపోతాయి. రైసుమిల్లులో పనిచేసే పక్కింటి మావ గోడ అవతలి నుంచే, మిల్లులో ఊక గుట్టలు పడున్నాయి, అది పరిస్తే కోళ్లు హాయిగా గీరుకుంటాయన్నాడు. నేను చెనక్కాయ తొక్కు వేద్దామన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. అందరూ తలొక మాటా అంటుంటే నాకూ ఒకటి ఉండాలనిపించింది.

తాతయ్య అన్నీ విని, కంచంలో చెయ్యి కడుక్కుని, తీరిగ్గా అన్నారు.

"మనకెందుకురా ఈ తగువు? రేపు అక్కడ ఉండబోయేది మనవా? కోళ్లు. ఆటినే అడుగుదాం."

అమ్మ నవ్వింది. నాన్న "కోళ్లేటి సెప్తాయి నాయనా?" అన్నాడు. గుమ్మం పక్కన కూర్చుని అన్నం తింటున్న పెద్దత్త కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తాతయ్య మాత్రం ఆ మాట వేళాకోళానికి అనలేదు. మర్నాడే దడి లోపలి బురద గీకించి, జాగాను నాలుగు మడులుగా చేయించారు. ఒక మడిలో పలచగా సిమెంటు పోయించారు. ఒకదాంట్లో ఏటి ఇసక, ఒకదాంట్లో ఊక, నా మాట తీసెయ్యకుండా ఇంకోదాంట్లో చెనక్కాయ తొక్కు. సిమెంటు ఆరేదాకా కోళ్లను గంపల కింద పెట్టాల్సి వచ్చింది. బయట వాన. అందుకని గంపలు తెచ్చి వెనక వసారాలో, పెద్దత్త చాపకు పక్కనే పెట్టారు. పొద్దున్నే లేచి ఆమె గోడ పట్టుకుని వంగి ఆ రెట్టంతా కడుగుతుంటే చూసిన గుర్తు నాకుంది.

తరవాత పరీక్ష మొదలైంది. నాలుగు మడుల్లోనూ ఒకేలాగ నూకలు చల్లి కోళ్లను వదిలారు. అవి ఎక్కడ ఉంటాయో, ఎక్కడి నుంచి వెళ్లిపోతాయో చూసి చెప్పడం నా పని. బడి లేని పూటల్లో వసారా అంచున పీట వేసుకుని కూర్చునేదాన్ని. నా వెనక మూరెడు దూరంలో పెద్దత్త కూర్చుని బియ్యంలో రాళ్లేరుతూనో, మోకాళ్లకు నూనె రాసుకుంటూనో ఉండేది. నేను వెనక్కి తిరిగేదాన్ని కాదు. నా కళ్లన్నీ కోళ్ల కాళ్ల మీదే.

నిజంగానే అవి చెప్పాయి. సిమెంటు మీదికి నూకల కోసం వచ్చి, నాలుగు ముక్కులు పొడిచి వెళ్లిపోయేవి. ఎండ కాస్తే అది కాలేది, వాన పడితే రెట్ట పాకి జారేది. కుంటి పెట్టయితే అటు అడుగే పెట్టలేదు. చెనక్కాయ తొక్కు మొదట్లో సరదాగా గీరాయి గానీ, రెండు వానలకే అది బూజుపట్టి ఉండకట్టింది. మధ్యాహ్నం పూట ఇసకలో గుంట చేసుకుని, రెక్కలు విప్పి పొర్లాడేవి. మిగతా పొద్దంతా ఊకలోనే. గీరడం, వెతకడం, మళ్లీ గీరడం. గాలికి ఊక కొంత ఎగిరిపోయేది, అదొక్కటే లోపం. కింద ఇసక మందంగా పోసి, పైన ఊక పరిచి, చుట్టూ జానెడు ఎత్తు అడ్డు కట్టాలని తాతయ్య తీర్పు చెప్పారు. నాన్న ఒప్పుకున్నాడు. సిమెంటు మడిని గునపంతో పగలగొట్టి తీసేశాడు.

ఈ కథ ఊళ్లో పాకింది. పాకించినదాన్ని నేనే. బడిలో చెప్పాను, చర్చిలో సండే స్కూలు పిల్లలకు చెప్పాను. మాస్టారు కోళ్లను అడిగారంట అని చూడటానికి మనుషులు వచ్చేవాళ్లు. పెరట్లోకి వేరే దారి లేదు. ఇంట్లోంచి వచ్చి వెనక వసారా దాటాలి. అందరూ బురదకాళ్లతో ఆ సిమెంటు మీదే నిలబడి, తాతయ్య చెప్పేది వినేవారు. "మనకు మంచిదనిపించిందల్లా కోడికి మంచిది కావాలని లేదు. ఉండేవాళ్లని అడగాలి," అనేవారాయన, బడిలో చెప్పినట్టే వేలెత్తి. పెద్దత్త తన చాప చుట్టి గోడకు చేర్చి, వాళ్లు నిలబడటానికి చోటిచ్చేది. వాళ్లు వెళ్లాక తడిగుడ్డ పెట్టి తుడిచేది.

అలా జనం వచ్చిన ఒక సాయంత్రం పక్కింటి మావ సైకిలు తీసుకుని మా వాకిట్లోకి వచ్చాడు. మిల్లు మూసేలోగా వెళ్తే ఊక నింపుకొస్తాను, గోనెలివ్వండి అన్నాడు. చూడ్డానికి వచ్చిన మనుషులు ఇంకా పెరట్లో ఉన్నారు. గోనెలు అటక మీద మడతపెట్టి ఉండాలి. అమ్మ ఎక్కి చూస్తే లేవు. ఇల్లంతా వెతికింది, లేవు. తాతయ్యకు కోపం వచ్చింది. జనం ముందు అనుకున్న పని ఆగిపోవడం ఆయనకు నచ్చదు.

"ఆటికి కాళ్లొచ్చి ఎల్లిపోనాయా? ఎవురికో ఇచ్చేసి మరిసిపోయుంటావు. ఇంట్లో ఒక్క వస్తువు వుంచిన కాడ వుండదు గదా!"

అందరి ముందూ మామగారు అలా అనేసరికి అమ్మ మొహం ఎర్రబడింది. కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను.

"మరదల్ని తిట్టకు నాయనా. నానే తీసినాను."

ఆ మాట వెనక నుంచి వచ్చింది. అందరం తిరిగాం. గోడకు చేర్చి ఉన్న చాప చుట్టను పెద్దత్త కిందికి దింపి విప్పుతోంది. చాప లోపల గోనెలున్నాయి. ఒకదానిమీద ఒకటి పేర్చి, నాలుగంచులా దారంతో కుట్టేసి, బొంతలాగ చేసుకుంది. మధ్యలో ఆమె పడుకునేచోట అది నలిగి పల్లంగా అయిపోయింది. పెద్దత్త గోడ పట్టుకుని మెల్లగా కూలబడి, ఆ కుట్టు దొరకబుచ్చుకుని పళ్లతో తెంపడం మొదలుపెట్టింది.

"ఉండండి, కుట్టు ఇప్పేసి ఇచ్చేస్తాను. ఇవే గావాలని నాకు తెలీనేదు. మిల్లుకి టైమైపోతన్నాది గావాల."

"ఎందుకే ఇవి నీకు?" అన్నారు తాతయ్య.

"సిమెంటు సల్లగా కొట్టేస్తన్నాది నాయనా. తెల్లారేసరికి మోకాళ్లు బిగిసిపోతన్నాయి. ఒట్టి సాపకి ఆగటం నేదు."

"ఆ ముక్క సెప్పొచ్చు గదా!"

ఆమె దారం తెంపి, ఆ పోగును వేలికి చుట్టుకుంటూ అంది. గొంతులో కోపం లేదు. పైగా కొంచెం నవ్వుతున్నట్టే ఉంది.

"మీరు ముచ్చటపడి సేయించినారు. నలుగురికీ సూపించినారు. బాగోనేదని నాను ఏ నోటితో సెప్పను?" తల ఎత్తకుండానే మళ్లీ అంది. "కోళ్లని అడిగినావు నాయనా. నన్ను ఎవురూ అడగనేదు."

పెరట్లో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే మాకేసి చూడకుండా వసారా దాటి వెళ్లిపోయారు. దాటేముందు ఒకాయన తన చెప్పులు చేత్తో పట్టుకున్నాడు. పక్కింటి మావ, "రేపొస్తాన్లెండి మాస్టారూ" అని సైకిలు తిప్పుకున్నాడు. అమ్మ వెళ్లి పెద్దత్త చేతిలోంచి గోనెలు లాక్కుని, తెగిన కుట్టు మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయింది. నాన్న పగలగొట్టిన సిమెంటు పెళ్లల కేసి చూస్తున్నాడు. నాకు పారిపోవాలనిపించింది. బడిలో నేను చెప్పిన ప్రతి మాటా గుర్తొచ్చి చెవులు కాలిపోయాయి. అన్ని రోజులు అక్కడే కూర్చున్నాను. కుంటి పెట్ట ఏ కాలు ఎత్తి నడుస్తుందో చెప్పగలను. పెద్దత్తకు ఏ మోకాలు ఎక్కువ నొప్పో నాకు తెలీదు.

తాతయ్య దడి దాకా వెళ్లి మాకు వీపు పెట్టి చాలాసేపు నిలబడ్డారు. అప్పటిదాకా మా ఇంట్లో ఆయన తల దించుకోవడం నేను చూడలేదు. తిరిగొచ్చాక పెద్దత్త పక్కన, ఆ సిమెంటు మీద, కింద ఏమీ వేసుకోకుండా కూర్చున్నారు. వాన ముసురు పట్టి ఉంది. కాసేపటికి ఆయన చేతులు నేల మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"తప్పైపోనాదే అమ్మా," అన్నారు. "సెప్పు. ఈ ఇంట్లో నీకు ఎక్కడ బాగుంటాది?"

"ఎక్కడైనా పరవానేదు నాయనా."

అంతటితో ఆయన లేస్తారనుకున్నాను. లేవలేదు. ఇంకోసారి అడగనూ లేదు. అలాగే కూర్చున్నారు. పెద్దత్త గోనె పోగులు ఒకటొకటిగా ఏరి పక్కన పెడుతోంది. అమ్మ దీపం తెచ్చి పెట్టి వెళ్లింది. ఎవరూ తొందరపెట్టడం లేదని నమ్మకం కలిగాకే కాబోలు, పెద్దత్త లోపలికి చూపించింది.

"ఆ నడిమి గడప కాడ."

మాకెవరికీ అర్థం కాలేదు. ముందుగదికీ వంటింటికీ మధ్యనున్న గుమ్మం అది. ఇంట్లో ఎవరు ఎటు వెళ్లాలన్నా దాన్నే దాటాలి. నాన్న ఆగలేక, "అక్కడా? అందరూ నిన్ను దాటుకుంటూ ఎల్లాలి గదే అక్కా! నీకు నిద్దరెలాగ పడతాది?" అన్నాడు. తాతయ్య చెయ్యెత్తి అతన్ని ఆపారు.

"దాటనీరా," అంది పెద్దత్త. "వార్డులో ఇన్నేళ్లు పడుకున్నాను. ఎవురో ఒకరు నడుస్తా ఉండీవోరు. దగ్గీవోరు, పిలిసీవోరు. ఇక్కడ ఎనకాల మరీ సప్పుడు నేదురా. తెల్లారేదాకా నాను ఉన్నానో నేదో నాకే తెలవటం నేదు."

మోకాళ్ల సంగతి సగమేనని అప్పుడు తెలిసింది. మేమంతా ఆమెకు సౌకర్యమని ఏది అనుకున్నామో, ఎవరూ అడ్డం రాని ఆ చోటే, ఆమెకు భరించలేనిదయింది. ఇంకొన్నాళ్లు చూసి, తిరిగి ఆసుపత్రి కాంపౌండుకే వెళ్లిపోవాలని, అక్కడ ఏ వరండాలోనైనా ఇంత చోటిమ్మని అడగాలని ఆమె అనుకుందట. ఈ మాట చాలా రోజుల తరవాత అమ్మతో అంది. మేము ఆమెను ఎంత బాగా చూసుకుంటున్నామని ఊరంతా అనుకుంటున్న రోజుల్లో ఆ మనిషి వెళ్లిపోయే ఆలోచనలో ఉంది.

ఆ రాత్రే నడిమి గడప దగ్గర మట్టినేల మీద గడ్డి పరిచి, ఆమె కుట్టుకున్న గోనె బొంతే వేసి, పైన చాప వేశారు. తెంపిన కుట్టు అమ్మ మళ్లీ వేసింది. కుటుంబ ప్రార్థనకు అందరం కూర్చున్నాం. ప్రార్థన ఎప్పుడూ తాతయ్యదే, గట్టి గొంతుతో చాలాసేపు చేసేవారు. ఆ పూట గొంతు సర్దుకుని, పెద్దత్త వైపు తిరిగి, "నువ్వు సేస్తావేటమ్మా?" అని అడిగారు.

"నాను సెయ్యను. నువ్వే సెయ్యి. తొందరగా కానియ్యి, ఆకలేస్తన్నాది," అంది పెద్దత్త.

మా ఇంటికి వచ్చాక ఆమె కాదన్న మొదటి మాట అదే. అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. తాతయ్య కూడా నవ్వబోయారు గానీ, కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. ప్రార్థన నిజంగానే పొట్టిగా ముగించారు.

ఊక మర్నాడు వచ్చింది. పక్కింటి మావ ఎవరి దగ్గరో గోనెలు అడిగి తెచ్చుకున్నాడు. కోళ్లు బాగుపడ్డాయి, వాసన పోయింది, కుంటి పెట్ట పొదిగి పిల్లల్ని కూడా చేసింది. అయినా ఆ తరవాత ఎవరొచ్చినా తాతయ్య ఆ పరీక్ష సంగతి ఎత్తలేదు. ఎవరైనా అడిగితే, ఊక బాగానే ఉందని మాత్రం చెప్పి మాట మార్చేవారు. నేనూ బడిలో ఎత్తలేదు. పెద్దత్త పోయేదాకా ఆ నడిమి గడప దగ్గరే పడుకుంది. మేము ఆమె కాళ్లు దాటుకుంటూ తిరిగాం. దాటిన ప్రతిసారీ దాటింది ఎవరో ఆమె కళ్లు మూసుకునే చెప్పేది. చాలాసార్లు సరిగ్గానే చెప్పేది.

ఇన్నేళ్లలో నేను చాలామందికి చోట్లు సర్దాను. పురుడు పోసుకున్న కోడలికి, పట్నంలో చదువుకోడానికి వచ్చి మా ఇంట్లో ఉన్న మేనల్లుడికి, చివరి రోజుల్లో మంచాన పడ్డ మా ఆయనకు. ప్రతిసారీ నాకు ముందుగా తోచేది వాళ్లకేది మంచిదో నాకు తెలుసుననే. ఆ తోచడం ఇప్పటికీ పోలేదు. అది తోచిన వెంటనే ఆ సాయంత్రం నా చెవులు కాలిన మంట మళ్లీ తగులుతుంది. అప్పుడు ఆగి అడుగుతాను. ఎక్కడైనా పర్వాలేదంటారు. అందరూ ముందు ఆ మాటే అంటారు. అది విని లేచి వెళ్లిపోవడం ఎంతో సులువు. మా తాతయ్య ఆ చల్లటి నేల మీద కూర్చున్నట్టు నేనూ వాళ్ల పక్కన కూర్చుంటాను, అసలు మాట వచ్చేదాకా.